సొరుగులో బాడ్జి

(ఆదివారం తెలుగు కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగ పాఠం)



ఆగస్టు వచ్చిందంటే మన ఊళ్ళ నుంచి పిల్లలు పెట్టెలు సర్దుకుని అమెరికా యూనివర్సిటీలకి వస్తారు. వాళ్ళలో బయాలజీ, కెమిస్ట్రీ చదివేవాళ్ళు కొందరు రేడియోధార్మిక పదార్థాలు వాడే లాబుల్లో చేరతారు. నేను కొన్నేళ్ళు అలాంటి లాబులో పనిచేసి, తరవాత ఒక యూనివర్సిటీ రేడియేషన్ సేఫ్టీ ఆఫీసులో చేరాను. ఇవాళ ఆ పిల్లలతోనూ, దూరాన ఉండి బెంగపడే వాళ్ళ అమ్మానాన్నలతోనూ నాలుగు మాటలు చెప్పుకోవాలని వచ్చాను. ముందు నేను చేసిన తప్పు చెబుతాను.

1996లో నేను ఒక యూనివర్సిటీలో పోస్ట్‌డాక్‌ని. డి.ఎన్.ఏ. ముక్కలకి ఫాస్ఫరస్-32 తగిలించి, వాటిని ఎక్స్‌రే ఫిల్ము మీద చూడటం నా పని. ఆ వేసవిలోనే నేను ఒట్టి మనిషిని కాదని తెలిసింది. సెప్టెంబరులో చంద్రగ్రహణం వస్తోందని మా అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేసి, బయటికి వెళ్ళొద్దని మరీమరీ చెప్పింది. సరేనని ఆ సాయంత్రం తలుపులు వేసుకుని కూర్చున్నాను. మర్నాడు లాబుకి వెళ్ళి ఫాస్ఫరస్ సీసా బయటికి తీశాను. కోటుకి పెట్టుకోవలసిన బాడ్జిని మాత్రం సొరుగులో పడేశాను. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో లెక్క కట్టేది ఆ బాడ్జే.

ఎందుకలా చేశానంటే భయం. బాడ్జిలో ఏదైనా కనబడితే ఆరా తీస్తారు. గర్భిణినని తెలిస్తే ప్రొఫెసరు ప్రాజెక్టు ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఇద్దరి వీసాలూ నా ఉద్యోగం మీదే ఉన్నాయి. ఇలా నాలో నేనే అనుకున్నాను. ఎవరూ నన్ను ఏమీ అనలేదు, నేనూ ఎవరినీ అడగలేదు.

అక్టోబరులో ఒక సాయంత్రం ఇంటికి బయల్దేరుతూ అలవాటు ప్రకారం గైగర్ కౌంటర్ చేతుల మీదా, కోటు మీదా ఆడించాను. ఏమీ లేదు. పాదాల దగ్గరికి తెచ్చేసరికి కరకరమని ఒకటే మోత! కుడి బూటు అడుగున ఎప్పుడో కారిన చుక్క అంటుకుంది. తడి కాగితంతో తుడిచాను, మోత తగ్గలేదు. సింకులో కడిగేసి ఎవరికీ చెప్పకుండా ఇంటికి పోదామా అని నిజంగానే అనుకున్నాను. ఇంట్లో నేల మీదే పక్కలు వేసుకుని పడుకునే రోజులవి. అది గుర్తొచ్చి, బూట్లు అక్కడే విప్పేసి, తలుపు మీద అంటించిన నంబరుకి ఫోన్ చేశాను.

అరగంటలో సేఫ్టీ ఆఫీసు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. కేకలు వేయలేదు. బెంచి కింద ఒక మరక, ఫ్రిజ్ దాకా మూడు అడుగుజాడలు కనిపెట్టి శుభ్రం చేయించారు. అప్పుడు బాడ్జి ఏదని అడిగారు. సొరుగు తెరిచి చూపించాను. ఆ తరవాత మిగతాదంతా చెప్పేశాను.

ఆయన నా నోటు పుస్తకం ముందేసుకుని ఏ రోజు ఎంత వాడానో, ఎంతసేపు వాడానో, అడ్డం పెట్టుకున్నానో లేదో రాసుకున్నారు. మూత్రం సాంపిల్ తీసుకుని పరీక్ష చేయించారు. లోపలికేమీ పోలేదని తేలింది. బయట తగిలినది కూడా ప్రమాదమేమీ కాదన్నారు. “కానీ ఇది నా అంచనా మాత్రమే. బాడ్జి ఉంటే కొలిచిన అంకె చెప్పేవాణ్ణి” అన్నారు. ఆ మాట నేను మరిచిపోలేదు.

ఆ రోజు నాకు తెలియని చట్టం సంగతి చెబుతాను. ఈ దేశంలో రేడియేషన్ పని చేసేవారికి ఏడాదికి గరిష్ఠ పరిమితి 5 రెమ్‌లు, అంటే 50 మిల్లీసీవర్టులు. గర్భిణి తన సంగతి రాతపూర్వకంగా తెలియజేస్తే, నెలలు నిండేవరకూ మొత్తం కలిపి బిడ్డకి 0.5 రెమ్ దాటకూడదు. అది 5 మిల్లీసీవర్టులు. రాసివ్వడం మీ ఇష్టం. ఎవరూ బలవంతపెట్టకూడదు, రాసిచ్చాక వెనక్కి తీసుకోవచ్చు కూడా. కానీ రాసివ్వనంతకాలం బిడ్డ కోసం పెట్టిన ఆ తక్కువ పరిమితి వర్తించదు. నేను మర్నాడే రాసిచ్చాను. నడుము దగ్గర పెట్టుకోవడానికి ఇంకో బాడ్జి ఇచ్చారు. సీసా పని వేరొకరు చేశారు, లెక్కలూ రాతపనీ నేను చేశాను. ప్రాజెక్టు నాదిగానే ఉంది.

ఇక పని సంగతి. రేడియేషన్ తగలడం వేరు, రేడియోధార్మిక పదార్థం ఒంటికి అంటుకోవడం వేరు. మొదటిది ఎండలో నిలబడటం లాంటిది, నీడకి వస్తే ఆగిపోతుంది. రెండోది బురద తొక్కడం, మనతోపాటు ఇంటికొస్తుంది. అందుకే లాబులో తినొద్దు, తాగొద్దు. గ్లవ్స్‌తో తలుపు పిడీ, ఫోనూ ముట్టుకోవద్దు. ఫాస్ఫరస్-32కి సీసం అడ్డం పెడితే మంచిదనుకుంటారు కొందరు. దాని బీటా కణాలు సీసానికి తగిలితే ఎక్స్‌కిరణాలు పుడతాయి. సెంటీమీటరు మందం ఆక్రిలిక్ పలక చాలు. ట్రిటియంతో పనిచేసేవాళ్ళు గైగర్ కౌంటర్‌ని నమ్మవద్దు. అంత బలహీనమైన కణాలు దానికి వినబడవు. కాగితంతో తుడిచి సింటిలేషన్ కౌంటర్‌లో చూడాల్సిందే. కొత్త ప్రయోగమైతే ముందు ఉత్త రంగునీళ్ళతో ఒకసారి చేసి చూడండి, చేయి తిరుగుతుంది. ఒలికితే పక్కవాళ్ళకి చెప్పి, కాగితం కప్పి, అటూఇటూ తిరగకుండా ఫోన్ చేయండి. చర్మానికి అంటితే గోరువెచ్చటి నీళ్ళూ సబ్బుతో కడగండి, గట్టిగా రుద్దకండి.

లెక్క తప్పితే ఏమవుతుందో మన దేశంలోనూ చూశాం. ఢిల్లీ యూనివర్సిటీ కెమిస్ట్రీ విభాగంలో 1985 నుంచి వాడకుండా మూలపడిన ఒక గామా పరికరాన్ని 2010 ఫిబ్రవరిలో వేలంలో అమ్మేశారు. అందులో కోబాల్ట్-60 ఉంది. ఏప్రిల్‌కల్లా మాయాపురి పాత ఇనుము కొట్లలో కొందరు జబ్బుపడ్డారు, ఒకతను చనిపోయాడు. దాన్ని ముక్కలు చేసినవాళ్ళకి అదేమిటో చెప్పినవాళ్ళు లేరు.

ఇప్పుడు లాబుల్లో ఫ్లోరసెంట్ రంగులు వచ్చి ఫాస్ఫరస్ వాడకం బాగా తగ్గింది. మనవాళ్ళ భయాలు మాత్రం అవే. వీసా, ప్రొఫెసరు, నలుగురూ ఏమనుకుంటారో. మీ పిల్లలు ఫోన్ చేసినప్పుడు “తిన్నావా” అని అడిగాక, “బాడ్జి పెట్టుకుంటున్నావా” అని కూడా అడగండి.

ఆ బూట్ల మాట చెప్పి ముగిస్తాను. ఫాస్ఫరస్-32 అర్ధాయుష్షు 14.3 రోజులు. పది అర్ధాయుష్షులు గడిస్తే వెయ్యో వంతుకు తగ్గిపోతుంది. పెద్దాయన నా బూట్లు సంచిలో కట్టి, తేదీ రాసి, అయిదు నెలలు దాచారు. మార్చిలో కొలిచి చూసి, ఏమీ లేదని తిరిగి పంపించారు. అప్పటికి మా అమ్మాయికి పదకొండో రోజు. ఆ బూట్లు తొడుక్కునే తనని మొదటిసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను.