పాస్‌పోర్టు ఎవరి సొరుగులో ఉంది?

(సికిందరాబాదులో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చైనాలో ఇంగ్లీషు టీచరుగా ఎలా బతికావో చెప్పమన్నారు. వింతలు చాలానే చెప్పొచ్చు. కానీ హక్కుల గురించి మాట్లాడుకునే చోట కూర్చున్నాం కాబట్టి నా దినచర్యతో పాటు నా కాగితాల కథ కూడా చెబుతాను.

నేను మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో పెరిగాను. ఎం.ఏ., బి.ఇడి. చేసి ఇక్కడి ఒక ప్రైవేటు స్కూల్లో ఆరేళ్ళు పాఠాలు చెప్పాను. 2018లో ఒక ఏజెంటు ద్వారా దక్షిణ చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో ఒక చిన్నపిల్లల బడికి వెళ్ళాను. ఇక్కడి జీతానికి నాలుగు రెట్లన్నాడు. అమ్మ గాజులు తాకట్టు పెట్టి అతని కమీషను కట్టాం. ముందు వ్యాపార వీసా మీద వెళ్తే అక్కడ పని వీసాగా మారుస్తారని నమ్మించాడు.

అసలు సంగతి వెళ్ళాక తెలిసింది. చైనాలో విదేశీ భాష చెప్పే టీచరుకు డిగ్రీ, రెండేళ్ళ అనుభవం ఉంటే చాలదు. సూత్రరీత్యా అది తన దేశపు మాతృభాష అయి ఉండాలి. 2017లో దేశమంతటా తెచ్చిన వర్క్ పర్మిట్ పద్ధతిలో ఈ నిబంధన ఉంది. ఆచరణలో అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా వంటి కొద్ది దేశాల వాళ్ళకే ఆ పర్మిటు సులువుగా దొరుకుతుంది. మనం ఎంత బాగా చెప్పినా పాస్‌పోర్టు రంగు అడ్డొస్తుంది.

ఉదయం ఎనిమిదికల్లా గేటు దగ్గర నిలబడి పిల్లలకు గుడ్ మార్నింగ్ చెప్పాలి. వాళ్ళను తీసుకొచ్చేది ఎక్కువగా నాయనమ్మలు, అమ్మమ్మలే. అక్కడా పిల్లల భారం ముసలి ఆడవాళ్ళ మీదే. పాటలతో, బొమ్మలతో మాటలు నేర్పేదాన్ని. మధ్యాహ్నం తిండి కాగానే పిల్లలంతా చిన్న మంచాల మీద పడుకునేవారు. అప్పుడు సహాయ టీచర్లూ నేనూ వేడినీళ్ళు తాగుతూ, ఫోనులో అనువాదం పెట్టుకుని కబుర్లు చెప్పుకునేవాళ్ళం. సాయంత్రం పెద్దవయసు ఆడవాళ్ళు కూడలిలో పాటలు పెట్టుకుని హాయిగా నాట్యం చేసేవారు. రాత్రి తొమ్మిదికి ఒంటరిగా నడిచివచ్చినా నాకు భయం వేయలేదు. ఈ మాట చెప్పకపోతే ఆ ఊరికి అన్యాయం చేసినదాన్నవుతాను.

నా భయం బడిలోనే ఉండేది. చేరిన వారంలోనే మేనేజరు నా పాస్‌పోర్టు తీసుకుని సొరుగులో పెట్టి తాళం వేసింది. మొదటి నెల జీతం డిపాజిట్టుగా ఉంచుకుంది. వీసా గడువు కోసం హాంకాంగ్ వెళ్ళొచ్చే రోజున పాస్‌పోర్టు చేతికిచ్చి, రాగానే మళ్ళీ తీసుకునేది. అధికారులు తనిఖీకొస్తే వంటగదిలో బియ్యం బస్తాల పక్కన కూర్చునేదాన్ని. తల్లిదండ్రులు అడిగితే బ్రిటన్‌లో పుట్టానని చెప్పమన్నారు. ‘మాది సికిందరాబాదు’ అనే మాటను ఏడాదిన్నర మింగుకున్నాను.

ఉద్యోగి గుర్తింపు పత్రాలు యజమాని పట్టి ఉంచకూడదని చైనాలో 2008 నుంచి అమల్లో ఉన్న కార్మిక ఒప్పంద చట్టం చెబుతోంది. మన 1967 చట్టం ప్రకారం పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి. అయినా నేను ఫిర్యాదు చేయలేదు. పర్మిటు లేకుండా పనిచేసే విదేశీయులకు అక్కడ 5,000 నుంచి 20,000 యువాన్ల జరిమానా ఉంది, తీవ్రమైతే నిర్బంధం కూడా. యజమానికీ జరిమానా ఉంది గాని, పెట్టె సర్దుకోవలసింది మాత్రం నేనే కదా!

ఇంకో మాట. వారాంతాల్లో వచ్చే తెల్లవాడికి నాకంటే రెట్టింపు ఇస్తున్నారని నేను కుమిలేదాన్ని. ఒకరోజు పిల్లల పక్కలు సర్దుతూ సహాయ టీచరు అడిగింది: “అక్కా, నీకొచ్చే దాంట్లో నాకు సగం కూడా రాదు, తెలుసా?” నాకు తెలియదు. ఎప్పుడూ అడగలేదు. పైవాడికి ఎంతొస్తోందో చూశాను గాని, నా పక్కనున్న ఆడపిల్లకు ఎంతొస్తోందో చూడలేదు.

2020 జనవరిలో వాళ్ళ కొత్త సంవత్సరం సెలవులకు పాస్‌పోర్టు తీసుకుని ఇంటికొచ్చాను. కరోనా వచ్చింది. మార్చి 28 నుంచి విదేశీయుల రాకను చైనా ఆపేసింది. నా డిపాజిట్టు రాలేదు. ఏజెంటు ఫోను ఎత్తలేదు. అమ్మ గాజులు ఇంకా విడిపించలేదు.

తర్వాత ఇక్కడే ఒక స్కూల్లో ఉద్యోగానికి వెళ్ళాను. మధ్యలో మానేయకుండా ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచాలన్నారు. నాకు ఆ సొరుగు, ఆ తాళం గుర్తొచ్చాయి. అక్కడ పాస్‌పోర్టు, ఇక్కడ సర్టిఫికెట్లు. ఆడదాని కాళ్ళకు సంకెళ్ళు వేయనక్కరలేదు, ఆమె కాగితాలు దాచేస్తే చాలు. మొదటి ఉద్యోగంలో మాట్లాడకుండా ఇచ్చేశాను. ఈసారి ఒరిజినల్స్ చూపించి, జెరాక్సులిచ్చి వచ్చాను. ఆ ఉద్యోగం నాకు రాలేదు. ఇప్పుడు ఇంటి దగ్గర ట్యూషన్లు చెప్పుకుంటున్నాను.

మీ దగ్గరికి విదేశం వెళ్తానని ఏ అమ్మాయి వచ్చినా ఆపకండి. నాలుగు ప్రశ్నలు అడగండి. ఏజెంటు 1983 వలస చట్టం కింద రిజిస్టరయ్యాడా? వీసా మీద ఏ పని అని రాసుంది? ఒప్పందం ఆమెకు చదవొచ్చిన భాషలో ఉందా? పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుంది?

ఇక్కడి స్కూళ్ళలో పనిచేసే టీచర్లను కూడా, మీ సర్టిఫికెట్లు ఎవరి సొరుగులో ఉన్నాయని అడగండి. ఒక్కతే అడిగితే ఉద్యోగం పోతుంది, నాకు పోయింది. పదిమంది కలిసి అడిగితే తాళం తీయక తప్పదు. ఆ పదిమందిలో నన్ను మొదటిదాన్నిగా రాసుకోండి.