వంగిన వీపు – ఫిజియోథెరపీ: నా అనుభవం

నేను డాక్టర్ని కాను, గుమాస్తాని. కార్యదర్శిగారు పట్టుబట్టారు కాబట్టి నా అనుభవం చెబుతున్నాను.

క్రిందటేడు లైఫ్ సర్టిఫికెట్టు కోసం ఫోటో తీస్తూ అక్కడి కుర్రాడు "తాతగారూ, తల ఎత్తండి" అన్నాడు. ఎత్తాననే అనుకున్నాను. మూడోసారి మా ఆవిడ వచ్చి గడ్డం పట్టుకుని ఎత్తవలసి వచ్చింది. ఆ మరుసటి వారమే వీధిలో ఎదురుగా వస్తున్న ఆటోని చూడలేదు. వెంట్రుకవాసిలో తప్పింది. కళ్లు బాగానే ఉన్నాయి, చూపంతా చెప్పులమీదే ఉంది.

మొదట నడుం బెల్టు కొన్నాను. డబ్బు దండగ. మా కోడలు పోరు పడలేక ఎముకల డాక్టరు దగ్గరకు వెళితే, ఎక్స్‌రే తీయించి ఫిజియోథెరపీకి పంపారు. అక్కడి అమ్మాయి నన్ను గోడకు ఆనించి నిలబెట్టింది. మడమలు, పిరుదులు, వీపు ఆనాయి. తలకూ గోడకూ మధ్య బెత్తెడు పైగా ఖాళీ! "ఏం ఉద్యోగం చేసేవారు సార్?" అంది. 36 ఏళ్లు లెడ్జర్ల మీద వంగి రాసిన సంగతి చెప్పాను. తల బరువు సుమారు 5 కిలోలట. అది ముందుకు జారితే మెడ వెనక కండరాలే రోజంతా మోయాలి. రొమ్ము కండరాలు బిగుసుకుపోతాయి, వీపువి సడలుతాయి. "ఎముకలో వచ్చిన వంపు పోదు సార్, కండరం పట్టేసినంత మేరకు వస్తుంది" అని ఉన్నమాట చెప్పింది. నాకది నచ్చింది.

నేర్పినవి మూడే. గడ్డం పైకెత్తకుండా, దించకుండా, తలను సొరుగు మూసినట్టు తిన్నగా వెనక్కి జరిపి, 5 లెక్కపెట్టి వదలడం. వీపు రెక్కలు రెండూ దగ్గరకు తేవడం. గోడకు ఆనించిన కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేవడం. పూటకు పదేసిసార్లు. మొదటి నెల ఏమీ తెలియలేదు, మానేద్దామనుకున్నాను కూడా. మా ఆవిడ క్యాలెండరు మీద టిక్కులు పెట్టి నా హాజరు తీసుకుంది. నాలుగో నెలకు ఆ ఖాళీ రెండు వేళ్లయింది. ఆ రెండు వేళ్లు ఇక ఉంటాయట. ఉండనీ.

ఒక్క హెచ్చరిక. ఎత్తు తగ్గినవారు, హఠాత్తుగా వెన్నునొప్పి వచ్చినవారు, చేతులు తిమ్మిరెక్కేవారు ముందు డాక్టరుకు చూపించుకోండి. గుల్లబారిన వెన్నుపూస పెద్ద దెబ్బేమీ తగలకుండానే నలిగిపోవచ్చు. ఆడవాళ్లలో ఇది మరీ ఎక్కువ. "వయసు కదా" అని వాళ్లు సర్దుకుపోతారు, మనమూ అడగం.

భోజనాలకు ఇంకా పావుగంట ఉంది. ఆ వెనక గోడ దగ్గర ఉంటాను. చూసుకోవాలనుకున్నవారు చెప్పులు విడిచి రండి.