కాలనీ తోట



కొత్త కాలనీ కట్టారు. ఇళ్ల మధ్య కాస్త జాగా ఖాళీగా ఉంది. అది ఎవరిది? అందరిదీ. ఆంధ్రప్రదేశ్‌లో 2017 లేఅవుట్ నియమాలు నూటికి 10 వంతులు ఇలా వదలాలన్నాయి. అంటే 5 ఎకరాల్లో అర ఎకరం. ఆ జాగా ఎక్కడుందో లేఅవుట్ పటంలో రాసి ఉంటుంది. పటం అడగండి. మీరే చదవండి. జాగా ఊరికే వదిలేస్తే చెత్తకుప్ప అవుతుంది. లేదా ఎవరో కంచె వేస్తారు.

అక్కడ తోట వెయ్యండి. పచ్చగడ్డి పరుద్దాం అంటారు కొందరు. చూడ్డానికి బాగానే ఉంటుంది. ఎండాకాలంలో దానికి నీళ్లెవరు పోస్తారు? తాగే నీళ్లకే బిందెలు వరస కడుతున్నాయి కదా! వేప, కానుగ నాటండి. వేళ్లు తన్నాక అవే బతుకుతాయి. కుళాయి దగ్గర వృథాగా పోయే నీళ్లకు కాలువ తీసి అరటి పెట్టండి. మర్రి, రావి గోడల పక్కన వద్దు. వేళ్లు గోడను చీలుస్తాయి. పిల్లలు ఆడే చోట గన్నేరు అసలే వద్దు. అది విషం.

దారి ఎక్కడ వెయ్యాలి? జనం ఇప్పుడు నడిచే చోటే. అందానికని వంకర తిప్పితే, బిందె ఎత్తుకున్న మనిషి అడ్డంగానే పోతుంది. ఆడవాళ్లు కూర్చునేది సాయంత్రం. అందుకని అరుగుకు పడమర వైపు చెట్టు ఉండాలి. పక్కనే లైటు ఉండాలి. లైటు లేని అరుగు చీకటి పడ్డాక ఎవరిదవుతుందో మీకు తెలుసు.

జాగా కొలిచే రోజు ఎప్పుడో పంచాయతీలో అడగండి. ఆ రోజు నలుగురు కలిసి వెళ్లండి.