ఫిలిప్పీన్సు చారిత్రక చిత్రాలు – మనం చూడదగినవి
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉత్సవ సంఘం వారు ఈ యేడు మమ్మల్ని సినిమాల మీద మాట్లాడమన్నారు. తెలుగు సినిమాల సంగతి మాకంటే మీకే ఎక్కువ తెలుసు. అందువల్ల మన పొరుగువారి సినిమాలను గురించి నాలుగు మాటలు మనవి చేస్తాము. అవి ఫిలిప్పీన్సు దేశపు చారిత్రక చిత్రాలు.

వారికీ మనకూ ఏమి సంబంధం అని మీరు అడగవచ్చు. రెండు సంగతులు చెబుతాము. 1762లో ఇంగ్లీషువారు మదరాసు నుంచి ఓడల మీద సేనను తీసుకుపోయి మనీలాను పట్టుకున్నారు. 1764లో వారు వెనుదిరిగినప్పుడు సిపాయిలలో కొందరు తిరిగి ఓడ ఎక్కలేదు. కైంటా అనే ఊళ్ళో నిలిచిపోయి అక్కడి స్త్రీలను పెండ్లాడారు. వారి సంతతి ఈనాడు తగలోగ్ భాష మాట్లాడే ఫిలిప్పీన్సు వారే. ఇక రెండవది. ఆ దేశపు జాతీయ వీరుడు హోసే రిసాల్ 1892లో మన సబా రాష్ట్రంలోని సండకాన్‌కు వచ్చాడు. స్వగ్రామంలో భూముల నుంచి వెళ్ళగొట్టబడిన తన బంధువులకు, ఊరివారికి అక్కడ స్థలం దొరుకుతుందేమోనని చూడడానికి వచ్చాడు. పొట్ట చేతబట్టుకొని సముద్రం దాటే కథ మనకు కొత్త కాదు కదా!

ముందు కొంచెం చరిత్ర చెప్పుకోవాలి. లేకపోతే సినిమా అర్థం కాదు. 1565 నుంచి 1898 వరకు, అంటే 333 ఏళ్ళు, వారిని స్పెయిను పాలించింది. 1898 జూన్ 12న వారు స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు. ఆ సంవత్సరమే డిసెంబరులో స్పెయిను ఆ దేశాన్ని 2 కోట్ల డాలర్లకు అమెరికాకు ఇచ్చివేసింది. ఇల్లుగలవారిని అడగకుండానే ఇల్లు చేతులు మారింది. 1899 ఫిబ్రవరిలో అమెరికాతో యుద్ధం వచ్చింది. తరువాత 1942 నుంచి 1945 వరకు జపాను పాలన. 1946 జూలై 4న చివరకు స్వాతంత్ర్యం.

ఇంతమంది పరాయివారు ఏలిన దేశంలో చారిత్రక చిత్రం ఎలా ఉంటుందనుకుంటాము? తెల్లవాడు దుర్మార్గుడు, మనవాడు మహావీరుడు, చివరకు జెండా. అటువంటివి వారికీ ఉన్నాయి. కాని వారి మంచి చిత్రాలు వేరొక ప్రశ్న అడుగుతాయి. శత్రువు ఎవరు అని కాదు. మనవాళ్ళు ఎవరు? మనవాళ్ళకు మనం ఏమి చేశాము? ఈ ప్రశ్న కోసమే మేము ఈ చిత్రాలను మీకు సిఫారసు చేస్తున్నాము.

కాలక్రమంలో మొదటిది 2023లో వచ్చిన ‘గోంబుర్సా’. దర్శకుడు పేపే జొక్నో. గోమెస్, బుర్గోస్, సమోరా అనే ముగ్గురు క్రైస్తవ గురువుల పేర్ల మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన మాట అది. 1872 జనవరిలో కవీతే ఆయుధశాలలో సిపాయిలు, పనివారు తిరగబడ్డారు. వారికి ఉన్న పన్ను మినహాయింపు తీసివేయడం ఒక కారణం. ఆ నేరాన్ని ఈ ముగ్గురి మీద మోపి ఫిబ్రవరి 17న మనీలాలో బహిరంగంగా మెడకు ఇనుప పట్టీ బిగించి చంపారు. దేశీయులైన గురువులకు కూడా గుడుల మీద అధికారం ఇవ్వాలని బుర్గోస్ వాదించాడు. అదే అసలు నేరం. ఆ రోజుల్లో రిసాల్ పదేళ్ళ పిల్లవాడు. పెద్దవాడై తన రెండవ నవలను ఈ ముగ్గురికీ అంకితమిచ్చాడు. ఈ చిత్రాన్ని హైస్కూలు పిల్లలకు ధైర్యంగా చూపవచ్చు.

రిసాల్ మీద రెండు చిత్రాలు చూడాలి. మొదటిది స్వాతంత్ర్య ప్రకటన నూరేళ్ళ పండుగకు 1998లో మారిలూ డియాస్-అబాయా అనే మహిళ తీసిన ‘హోసే రిసాల్’. ఇంచుమించు మూడు గంటల చిత్రం. కథానాయకుడు సెసార్ మొంతానో. రిసాల్ కంటి వైద్యుడు, కవి, నవలా రచయిత. కత్తి పట్టినవాడు కాడు. అయినా 1896 డిసెంబరు 30న స్పెయినువారు ఆయనను కాల్చి చంపారు. తుపాకులు పట్టి ముందు నిలిచిన సిపాయిలు ఆ దేశం వారే. వారు గురి తప్పిస్తారేమోనని వెనుక స్పెయిను సిపాయిలు నిలిచి ఉన్నారు. ఈ ఒక్క వరుసలో పరాయిపాలన అంటే ఏమిటో పూర్తిగా ఉన్నది.

రెండవది 1999లో మైక్ దె లియోన్ తీసిన ‘బయానింగ్ థర్డ్ వరల్డ్’. నలుపు తెలుపు చిత్రం. రిసాల్ మీద సినిమా తీయాలని ఇద్దరు మిత్రులు బయలుదేరుతారు. చనిపోయే ముందు రిసాల్ తన రాతలను వెనుకకు తీసుకొంటూ సంతకం పెట్టాడా లేదా అనే తగవులో చిక్కుకుంటారు. ఆయన తల్లిని, తోబుట్టువులను, గురువును, చివరకు ఆయననే ప్రశ్నలు అడుగుతారు. ఎప్పుడో పోయినవారు వచ్చి కూర్చుని జవాబు చెబుతారు! మొదటి చిత్రంలో రిసాల్ నవలలోని పాత్రను వేసిన జోయెల్ తోర్రె ఈ చిత్రంలో రిసాల్‌గా నటించాడు. మొదటిది చూసి వీరుడికి దణ్ణం పెడతాము. రెండవది చూసి, దణ్ణం పెట్టడం వేరు, తెలుసుకోవడం వేరు అని గ్రహిస్తాము.

మా మనసుకు అన్నిటికంటే దగ్గరైనది 1976లో ఎడ్డీ రొమేరో తీసిన ‘గనితో కమి నోవోన్, పానో కయో నయోన్’. ఈ పేరుకు ‘అప్పుడు మేమిలా ఉండేవాళ్ళం, ఇప్పుడు మీరెలా ఉన్నారు?’ అని అర్థం. స్పెయిను పోయి అమెరికా వచ్చే రోజుల్లో కులాస్ అనే పల్లెటూరి అమాయకుడు ఊరు విడిచి మనీలాకు పోతాడు. ఆ పాత్ర క్రిస్టఫర్ దె లియోన్‌ది. దారిలో నాటకాల పిల్ల దీదింగ్‌ను ప్రేమిస్తాడు. ఆ పాత్ర వేసిన గ్లోరియా డియాస్ 1969లో విశ్వసుందరి. కులాస్‌కు పోయినచోటల్లా ‘ఫిలిప్పీనో’ అనే మాట వినబడుతుంది. అది ఎవరి పేరో అతనికి తెలియదు. నిజానికి స్పెయిను కాలంలో చాలాకాలం ఆ దీవుల్లో పుట్టిన స్పెయినువారినే అలా పిలిచేవారు. నేలను దున్నినవాడికి ఆ పేరు తరువాత వచ్చింది. చిత్రం నవ్విస్తూనే ఈ ప్రశ్న వేస్తుంది. చైనా నుంచి వచ్చి ఊరూరా సరుకులమ్మే వర్తకుడు ఆ పేరులోకి వస్తాడా, రాడా? మూడు తరాలుగా ఇక్కడ ఉంటూ, ఇక్కడ ‘మీదే దేశం?’ అనీ, అక్కడికి పోతే ‘మీరెక్కడివారు?’ అనీ అనిపించుకునే మనకు ఈ ప్రశ్న బాగా తెలుసు.

ఇక 2015లో జెరోల్డ్ తారోగ్ తీసిన ‘హెనెరల్ లూనా’. ఆంతోనియో లూనా రసాయన శాస్త్రం చదివినవాడు. ఆయన అన్న హ్వాన్ లూనా గొప్ప చిత్రకారుడు. అమెరికాతో యుద్ధంలో ఆంతోనియో సేనాపతి అయ్యాడు. మహా కోపిష్టి. క్రమశిక్షణ తప్పినవాణ్ణి క్షమించడు. మంత్రులు అమెరికాతో రాజీ అంటారు, ఒక దళపతి నా జిల్లా నాది అంటాడు. యుద్ధం ఒకవైపు, ఇంటిపోరు ఒకవైపు. చివరకు అధ్యక్షుడు అగినాల్దో రమ్మన్నాడని తంతి వస్తే కబనతువాన్ ఊరికి పోతాడు. అధ్యక్షుడు అక్కడ ఉండడు. 1899 జూన్ 5న స్వంత సైనికులే లూనాను కత్తులతో పొడిచి, తుపాకులతో కాల్చి చంపారు. ఆ శవాలను ఈడ్చుకుపోయే దృశ్యాన్ని దర్శకుడు హ్వాన్ లూనా వేసిన ‘స్పోలియారియం’ అనే ప్రసిద్ధ చిత్రాన్ని పోలేలా చూపించాడు. తమ్ముడి చావును అన్నగారు ముందే బొమ్మ వేశాడా అనిపిస్తుంది. జాన్ ఆర్సిల్యా నటన మరపురానిది.

ఈ చిత్రం విడుదలైన కొత్తలో కొన్ని థియేటర్ల నుంచి తీసివేశారు. చూసిన విద్యార్థులు ఒకరికొకరు చెప్పుకుని మళ్ళీ నిలబెట్టారు. కాని ఇంకొక సంగతి ఉన్నది. లూనా కాలంలో ప్రధానమంత్రి మబీని. 1896లో జబ్బుచేసి ఆయన కాళ్ళు పడిపోయాయి. ఆ పాత్ర వేసిన ఎపి కిజోన్‌ను కొందరు విద్యార్థులు ‘సినిమా అంతా మీరు కూర్చునే ఎందుకున్నారు?’ అని అడిగారట. ఆ దేశంలో ఇది పెద్ద చర్చ అయింది. అందరూ పిల్లలను నవ్వారు. మేము బడిపంతుళ్ళం, మాకు నవ్వు రాలేదు. పిల్లవాడికి తెలియలేదంటే ఎవరో చెప్పలేదన్న మాట. పైగా వాడు అడిగాడు. అడిగినవాడు నేర్చుకుంటాడు. మా తరగతిలో అడగని పిల్లలను చూసే మాకు దిగులు.

అదే దర్శకుడు 2018లో ‘గోయో’ తీశాడు. 1899 డిసెంబరు 2న తిరాద్ కనుమలో సుమారు 60 మందితో అమెరికా సేనకు అడ్డునిలిచి చనిపోయిన 24 ఏళ్ళ దళపతి గ్రెగోరియో దెల్ పిలార్ కథ అది. పాఠ్యపుస్తకంలోని వీరుణ్ణి కాక, పొగడ్తకు పొంగే యువకుణ్ణి చూపించాడు. అంతకు ముందు 1993లో రేమండ్ రెడ్ ‘సకాయ్’ తీశాడు. అందరూ లొంగిపోయిన తరువాత కూడా కొండల్లో పోరాడిన మకారియో సకాయ్‌కు అమెరికావారు బందిపోటు అని పేరు పెట్టారు. క్షమిస్తామని నమ్మించి, దిగివచ్చాక పట్టుకుని 1907లో ఉరితీశారు. మన అల్లూరి సీతారామరాజును తెల్లవారు ఏమన్నారో తెలిసినవారికి ఈ కథ వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు జపాను కాలం. ఇక్కడ కొంచెం ఆగుతాము. 1976లోనే మారియో ఒహారా ‘తత్లోంగ్ తావోంగ్ వలాంగ్ ద్యోస్’, అంటే ‘దేవుడు లేని మూడేళ్ళు’, తీశాడు. రొసారియో ఒక పల్లెటూరి పంతులమ్మ. ఆమెను పెండ్లాడవలసినవాడు అడవికి పోయి గెరిల్లాలలో కలుస్తాడు. సగం జపాను, సగం ఫిలిప్పీను రక్తం గల ఒక సైనికాధికారి ఆమెను చెరుస్తాడు. తరువాత పశ్చాత్తాపపడి ఆమెను, ఆమె కుటుంబాన్ని కాపాడతాడు. బిడ్డ కోసం, బతుకు కోసం ఆమె అతణ్ణి ఒప్పుకుంటుంది. ఊరికి ఆమె ద్రోహి అవుతుంది. యుద్ధం ముగిశాక ఆ ఊరే ఆమెకు శిక్ష వేస్తుంది. ఎవరిది తప్పు అని చిత్రం తీర్పు చెప్పదు. 2025 ఏప్రిల్‌లో కన్నుమూసిన నోరా ఔనోర్ పంతులమ్మగా నటించింది. మాట తక్కువ, అంతా కళ్ళే.

అదే యుద్ధాన్ని ధనవంతుల వైపు నుంచి చూపింది పెకే గల్యాగా 1982లో తీసిన ‘ఓరో, ప్లాతా, మాతా’. బంగారం, వెండి, చావు అని దాని అర్థం. మెట్లు కట్టేటప్పుడు ఈ మూడు మాటలు వరుసగా లెక్కపెడతారు. చివరి మెట్టు చావు దగ్గర ఆగకూడదు. మన పెద్దలూ మెట్లు లెక్కపెట్టి కట్టేవారు కదా! నేగ్రోస్ ద్వీపపు చెరకు జమీందారుల రెండు కుటుంబాలు అడవి ఇంటిలో దాగి కూడా పేకాటలు, విందులు మానరు. చివరకు వారి మీద పడేది జపానువాడు కాదు, వారి కింద బతికినవారే. ఈ రెండు చిత్రాలూ పెద్దవారు మాత్రమే చూడవలసినవి.

మన ఇళ్ళలో కూడా ‘జపానోడి కాలం’ అనే మాట ఉన్నది. మా నాన్నగారు ఆ మాట అని ఊరుకునేవారు. మా చిన్నతాతగారిని తోట నుంచి సయాం రైలుమార్గం పనికి తీసుకుపోయారు. ఆయన తిరిగి రాలేదు. ఇంతకు మించి మా ఇంట్లో ఎవరూ ఏమీ చెప్పలేదు. ఎవరు ఆ పనికి మనుషులను లెక్కగట్టి ఇచ్చారు, ఎవరు దాగారు, ఎవరు దాచారు, ఈ సంగతులు పెద్దల నోట రాలేదు. రొసారియో కథ చూసిన రాత్రి మాకు వారి మౌనం కొంత అర్థమైంది.

1972లో విధించిన సైనిక శాసనం రోజులను తెలుసుకోవాలంటే 2002లో చితో రోన్యో తీసిన ‘దెకాదా సెతెంతా’ చూడండి. లువాల్హతి బౌతిస్తా నవల దానికి ఆధారం. అయిదుగురు కొడుకుల తల్లిగా విల్మా సాంతోస్ నటించింది. రాజకీయం వీధిలో ఉండక వంటింటికి ఎలా వస్తుందో అందులో ఉన్నది.

చివరగా ఒక మనవి. మా తరగతి పిల్లలకు ‘హెనెరల్ లూనా’ చూపించినప్పుడు ఒక అమ్మాయి ‘మాస్టారూ, మన తాతల మీద సినిమా ఉందా?’ అని అడిగింది. తోటల్లో రబ్బరు పాలు గీసినవారి మీద, కొబ్బరికాయలు ఒలిచినవారి మీద, రైలుపట్టాల కింద పోయినవారి మీద మన భాషలో మేము ఆమెకు చూపగలిగినది ఏదీ లేకపోయింది. సినిమా తీయడానికి డబ్బు కావాలి. కాని కథ రాసుకోవడానికి ఒక నోటుబుక్కు చాలు. ఆ కాలం చూసిన పెద్దలు మనలో బహు కొద్దిమంది మిగిలారు. వచ్చే ఉత్సవం లోపల ప్రతి ఇంటివారూ ఒక్క పెద్ద దగ్గర కూర్చుని, వారి మాటలు వారు చెప్పినట్టే తెలుగులో రాసి మా తరగతికి తెచ్చి ఇవ్వండి. తప్పులుంటే పిల్లలే దిద్దుతారు, వారికి అదే పాఠం. మంచి మాటలే కాక, చెప్పడానికి నోరు రాని మాటలు కూడా రాయండి. పొరుగువారి చిత్రాల నుంచి మనం నేర్చుకోవలసినది అదే.