పేలికలు ఊరికే రావచ్చు, పని ఊరికే రాదు

(ఏలూరులో కుట్టుపని చేసే స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఉదయం తాడేపల్లిగూడెం నుండి రైలెక్కి కొందరు, కొల్లేటి లంక గ్రామాల నుండి ఆటోల్లో కొందరు, ఈ ఊరి పేటల నుండి నడచి మరికొందరు ఇక్కడికి వచ్చారు. అందరి ఒడిలోనూ తలా నాలుగు జిప్పు పౌచ్‌లు ఉన్నాయి. జాకెట్లు కుట్టగా మిగిలిన ముక్కలు, పాత చీరల అంచులు, దర్జీ దుకాణం చీపురుకు అందబోయే పేలికలు మీ చేతుల్లో ఇంత అందంగా మారాయి. అందాన్ని మెచ్చుకోవడానికి మాత్రమే మేము ఇక్కడ నిలబడలేదు. వాటి ధర గురించి, ఆ ధరలో మన వాటా గురించి మాట్లాడడానికి నిలబడ్డాము.

ఈ పని మనకు కొత్తది కాదు. మనలో చాలామందిమి నూర్‌బాషా, దూదేకుల ఇళ్ళ ఆడబిడ్డలం. దూదిని ఏకడమే మన పెద్దల వృత్తి, అదే మన పేరు కూడా. విల్లు భుజాన వేసుకొని వారు ఊరూరా తిరిగి పరుపులు, దిండ్లు కుట్టేవారు. ఇంట్లో మన అమ్మమ్మలు, నానమ్మలు పాత చీరలను మడతలు పేర్చి బొంతలు కుట్టేవారు. ఫోము పరుపులు, యంత్రాలు వచ్చి ఆ వృత్తిని వెనక్కి నెట్టాయి. అయినా పైబట్టకూ లోబట్టకూ నడుమ దూది పరచి, మూడు పొరలూ కదలకుండా కుట్టు వేసే విద్య మన చేతుల్లో మిగిలింది. ఈనాటి పౌచ్ అంటే జిప్పు పెట్టిన చిన్న బొంతే.

కొత్తగా నేర్చుకుంటున్న చెల్లెళ్ళ కోసం పని తీరును క్లుప్తంగా చెబుతాము. ముక్కలను ఉతికి, ఇస్త్రీ చేసి, నూలును నూలుతోనే కలపండి. నూలు పక్కన సిల్కు ముక్కను కలిపితే ఒకటి ముడుచుకుంటుంది, మరొకటి సాగుతుంది. తొమ్మిది అంగుళాల పొడవు, ఆరు అంగుళాల వెడల్పు గల పలుచని దూది పొర మీద మొదటి ముక్కను పరచండి. రెండవ ముక్కను దాని మీద బోర్లించి అంచున కుట్టి, తిప్పి, ఇస్త్రీ చేయండి. ఇలా ముక్క వెంట ముక్క వేస్తే అతుకు, బొంతకుట్టు ఒకేసారి పూర్తవుతాయి. బట్ట కంటే జిప్పు ఒక అంగుళం పొడవుగా ఉండాలి. పైబట్టకూ అస్తరుకూ నడుమ జిప్పును పెట్టి కుట్టాలి. చుట్టూ కుట్టు వేసే ముందు జిప్పును సగం వరకు తెరచి ఉంచడం మరచిపోకండి, లేకుంటే పౌచ్‌ను బయటికి తిప్పడం కష్టమవుతుంది. అస్తరు అడుగున మూడు అంగుళాల మేర కుట్టకుండా వదలి, అందులో నుండి తిప్పి, చివరకు ఆ సందును మూయాలి.

ఇంత పని ఉంది. ఇప్పుడు లెక్కకు వద్దాం. ఈ అంకెలు ఉదాహరణకు మాత్రమే, మీ మీ ఖర్చులను మీరు వేసుకోండి. జిప్పుకు 8 రూపాయలు, అస్తరుకు 6, దూది పొరకూ దారానికీ 6, కరెంటుకూ మిషను అరుగుదలకూ 5 అనుకుందాం. మొత్తం 25 రూపాయలు. ముక్కలు ఏరడం నుండి చివరి కుట్టు వరకు గంటన్నర పడుతుంది. బేరగాడు వస్తాడు. “పేలికలు ఊరికే వచ్చినవే కదమ్మా, 40 చాలు” అంటాడు. ఖర్చు పోగా మిగిలేది 15 రూపాయలు. గంటన్నరకు 15 అంటే గంటకు 10 రూపాయలు. అతను పేలిక ఊరికే వచ్చిందని అన్నాడు. మనం విన్నది మాత్రం మన పని ఊరికే వచ్చిందని. తలూపింది కూడా మనమే. మాలో కొందరం ఏళ్ళ తరబడి అలాగే తలూపాము. వంటకూ పిల్లలకూ నడుమ దొరికిన సమయమే కదా అనుకున్నాము. గంటకు 40 రూపాయలు అడిగినా పౌచ్ 85 రూపాయలు అవుతుంది. అది దురాశ కాదు, లెక్క.

ఇది మన ఒక్క ఊరి మాట కాదు. 2006లో పార్లమెంటు ముందుకు వచ్చిన సచార్ కమిటీ నివేదిక, పనిచేసే ముస్లిం స్త్రీలలో 70 శాతం మంది ఇంట్లోనే పనిచేస్తున్నారని, అన్ని వర్గాలనూ కలిపి చూస్తే ఆ సంఖ్య 51 శాతమని చెప్పింది. ఇంటి గోడల నడుమ చేసిన పని బయటికి కనబడదు. కనబడని పనికి కూలి అడిగేవారు ఉండరు. ఇంటి నుండి పనిచేసేవారికీ ఇతర కార్మికులతో సమానమైన గౌరవం ఉండాలని 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 177వ ఒప్పందాన్ని తెచ్చింది. మన దేశం దానిని ఇంకా ఆమోదించలేదు.

అయితే ఆమోదం కోసం చేతులు కట్టుకొని కూర్చోనివారు ఉన్నారు. అహమ్మదాబాదు పాతబస్తీలో ముస్లిం స్త్రీలు మిల్లుల్లో మిగిలిన చిందీ ముక్కలతో బొంత గలీబులు కుట్టేవారు. వ్యాపారి ముక్కలిచ్చి, గలీబుకు ఇంతని కూలి ఇచ్చేవాడు. 1972లో ఇలా భట్ స్థాపించిన సేవా సంఘంలో వారు చేరి కూలి పెంచమని అడిగారు. అడిగినవారికి పని ఆగిపోయింది. అప్పుడు వారు సబీనా అనే పేరుతో సొంత సహకార సంఘం పెట్టుకొని, ముక్కలు తామే కొని, గలీబులు తామే అమ్మారు. పేలికలతో కుట్టిన స్త్రీలు ముందుగా మార్చుకున్నది తమ లెక్కనే.

మన ఏలూరుకు తివాచీల పేరు ఉంది. పారశీకం నుండి వచ్చిన పనివారి విద్య అని ఈ ఊరు చెప్పుకుంటుంది. తివాచీ మీద ఊరి పేరు నిలిచింది కాని, ముడి వేసిన చేతి పేరు నిలవలేదు. పౌచ్‌కు ఆ గతి పట్టకూడదు.

కనుక మేము కోరేది మూడు పనులు. మొదటిది, ప్రతి ఇంట్లో ఒక నోటుబుక్కు ఉండాలి. తేదీ, గంటలు, ఖర్చు, ఇచ్చిన ధర అందులో రాయాలి. రెండవది, కాగితాలు మన పేరున ఉండాలి. 2021లో మొదలైన ఇ-శ్రమ్‌లో నమోదు కండి. దర్జీ పని 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో ఉంది. అందులో ఒక కుటుంబం నుండి ఒక్కరికే అవకాశం కనుక, ఆ ఒక్కరు ఎవరో ఇంట్లో కూర్చొని మాట్లాడుకోండి. మిషను తొక్కేది మీరైతే పేరూ మీదే కావాలి. మూడవది, ఒక్కొక్కరం విడిగా బేరం ఆడకూడదు. పదిమంది కలసి ఒక ధర చెప్పాలి, ఆ ధర కంటే తగ్గి ఎవరూ ఇవ్వకూడదు. ఒక ఇంటి నుండి 40కి వెళ్ళిన పౌచ్ పక్కింటి 85ను కూడా పడగొడుతుంది.

చివరగా కొల్లేటి అక్కలకు ఒక మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేటిలోకి చేరి లంక గ్రామాలను చుట్టుముట్టింది. ఆధార్, రేషన్ కార్డు, పాసుపుస్తకం తడవకుండా దాచుకోవడం మీకు అలవాటైన ఆందోళన. బొంత పౌచ్ నీటిని ఆపలేదు, ఆ మాట దాచము. కాని కాగితాలను ప్లాస్టిక్ కవరులో పెట్టి, దానిని ఒక పౌచ్‌లో ఉంచితే, పరుగు తీయవలసిన రోజున అన్నీ ఒకేచోట చేతికి అందుతాయి. ఈ వారం మీరు కుట్టే మొదటి పౌచ్‌ను అమ్మకండి. మీ పేరున ఉన్న కాగితాలను అందులో పెట్టుకోండి. పెట్టడానికి మీ పేరున ఒక్క కాగితమూ లేకపోతే, ఆ ఖాళీ పౌచ్‌ను పట్టుకొని మా దగ్గరికి రండి. కార్యాలయానికి కలసి వెళదాం.