ఒక్క ఆట అయ్యాక వస్తాను

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్కాలర్‌షిప్పుల లెక్క, రంజాన్ రేషన్ లెక్క కార్యదర్శి గారు ఇప్పుడే చదివారు. ఆ లెక్కలో కనిపించని ఒక ఖర్చు గురించి మాట్లాడమని మమ్మల్ని నిలబెట్టారు. ముందుగా మా తప్పుతోనే మొదలుపెడతాం.

2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. పాఠాలు ఫోన్లోకి వచ్చాయి. ఫోన్ లేని పిల్లలు వెనుకబడిపోతున్నారని మీరు ఇచ్చిన సదఖా సొమ్ములోంచి కొన్ని ఇళ్లకు ఫోన్లు కొనిచ్చాం. మంచి పనే, ఇప్పటికీ అదే అంటాం. కానీ ఇచ్చి వచ్చేశాం. ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉంది, రాత్రి ఎన్నింటి దాకా వెలుగుతోంది అని మళ్లీ వెళ్లి అడగలేదు. బడులు తెరిచాక కూడా ఫోన్ పిల్లవాడి దగ్గరే ఉండిపోయింది.

మన ఇళ్ల సంగతి మీకు తెలియనిది కాదు. పలాసలో తల్లి పొద్దున్నే జీడి పిక్కల పనికి వెళ్తుంది. తండ్రి గల్ఫ్‌లోనో, హైదరాబాద్‌లోనో. 2018 అక్టోబరు 11న తిత్లీ ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను పడగొట్టాక ఊరు విడిచిన వాళ్లూ ఉన్నారు. ఇంట్లో కిడ్నీ జబ్బు మనిషి ఉంటే టెక్కలికో పలాసకో డయాలసిస్‌కు తీసుకెళ్లాలి. అక్కడ నాలుగు గంటలు. వెంట వచ్చిన పిల్లవాడు వరండాలో ఏం చేస్తాడు? ఫోనే ఇస్తాం. నాన్నతో మాట్లాడేదీ దానిలోనే, పాఠం వినేదీ దానిలోనే, ఆడేదీ దానిలోనే. అలాంటి వస్తువును లాక్కోవడం చెప్పినంత తేలిక కాదు.

తరావీహ్ సమయంలో మసీదు మెట్ల మీద కూర్చున్న పిల్లల దగ్గర ఒకరోజు మేమూ కూర్చున్నాం. తిట్టడానికి కాదు, అసలు ఏం ఆడుతున్నారో చూద్దామని. వంద మంది ఒక దీవిలో దిగుతారు, చివరిదాకా మిగిలినవాళ్లు గెలిచినట్టు. నలుగురు ఒక జట్టు. ఒకడు దెబ్బ తిని పడిపోతే తోటివాడు వచ్చి లేపాలి. ఒక ఆటకు దాదాపు అరగంట. మధ్యలో ఆపి, తర్వాత కొనసాగించే వీలు లేదు. మనం చిన్నప్పుడు ఆడిన వీడియో గేము వేరు, దాన్ని కట్టేస్తే కట్టేసినట్టే. ఇక్కడ ఒకడు లేచిపోతే మిగతా ముగ్గురూ ఓడిపోవచ్చు, మర్నాడు బడిలో వాడి ముఖం చూడరు. అమ్మ అన్నానికి పిలిస్తే "అమ్మీ, ఒక్క ఆట అయ్యాక" అంటాడే, అది పూర్తిగా మొండితనం కాదు. ఆట మానమంటే స్నేహితులను మానమన్నట్టే వాడికి వినిపిస్తుంది. మాకు ఈ సంగతి అర్థం కావడానికి అన్నాళ్లు పట్టింది.

ప్రభుత్వం నిషేధించలేదా అంటారు. 2020 సెప్టెంబరు 2న పబ్జీతో కలిపి 118 యాప్‌లను ఆపింది. 2021 జులైలో అదే ఆట బీజీఎంఐ అనే పేరుతో వచ్చింది. 2022 జులైలో మళ్లీ తీసేశారు, 2023 మేలో మళ్లీ వచ్చింది. ఈసారి పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకు రోజుకు మూడు గంటలని హద్దు పెట్టారు. (రోజుకు మూడు గంటలు! హోంవర్కుకు ఎవరైనా అంత ఇస్తారా?) అమ్మ ఫోన్లో, అమ్మ వయసుతో ఆడేవాడికి ఆ హద్దు కూడా లేదు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటల మీద. మన పిల్లలు ఆడేవి ఆ కోవలోకి రావు.

అలాగని డబ్బు పోదని కాదు. తుపాకీకి రంగు, మనిషికి చొక్కా, అన్నీ కొనాలి. ఈదీ డబ్బులు ఫ్రీ ఫైర్‌లో డైమండ్లుగా మారిపోయిన ఇళ్లు మనలో ఉన్నాయి. 2022లో హైదరాబాద్ అంబర్‌పేటలో పదహారేళ్ల పిల్లవాడి ఆటకు తల్లి ఖాతాల్లోంచి 36 లక్షలు పోయాయని పత్రికల్లో వచ్చింది. అంత సొమ్ము మన ఇళ్లలో లేదు. కానీ ఫోన్‌పే నొక్కడం రాని తల్లులు ఉన్నారు. పిన్ను నంబరు పిల్లవాడికే తెలుసు, ఎందుకంటే కిరాణా కొట్లో నొక్కేది వాడే. మూడు వేలు పోయినా ఆ నెల ఆమెకు బియ్యం ఉండవు. తల్లులారా, ఈ రాత్రే ఆ నంబరు మార్చుకోండి. మార్చడం రాకపోతే మా వాలంటీరు అమ్మాయిలు ఇక్కడే ఉన్నారు.

ఆడే ప్రతి పిల్లవాడూ రోగి అనుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని జబ్బుల జాబితాలో చేర్చింది, నిజమే. కానీ ఆపుకోలేకపోవడం, మిగతా పనులన్నిటి కంటే ఆటే ముందు కావడం, నష్టం కనిపిస్తున్నా వదలకపోవడం, ఇవి మామూలుగా ఏడాది పాటు సాగితేనే జబ్బు అంది. నిద్ర మాని, తిండి మాని, ఫోన్ అడిగితే చెయ్యెత్తే దశకు వస్తే దాచిపెట్టకండి. 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్, ప్రభుత్వానిది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. పరువు పోతుందని తావీజు కట్టి ఊరుకున్న ఇల్లు ఒకటి మాకు తెలుసు. దువా చేయండి, డాక్టరునూ అడగండి.

ఆ దశకు రాని పిల్లల దగ్గర మాకు కొంత పనిచేసింది ఒకటే. ఒక్కణ్ణి పట్టుకుని మానిపించలేకపోయాం. నలుగురి జట్టునూ కలిపి కూర్చోబెట్టి మాట తీసుకున్నాం: ఇషాకు అరగంట ముందు కొత్త ఆట మొదలుపెట్టకూడదు, మొదలైన ఆట మధ్యలో పెద్దలు ఫోన్ లాక్కోకూడదు. రెండో షరతు పెద్దలు తప్పినంతగా మొదటిది పిల్లలు తప్పలేదు. అస్ర్ తర్వాత ఆ నలుగురికీ వాలీబాల్ ఇచ్చాం. మొదటి వారం వచ్చారు. రెండో వారం ఇద్దరే వచ్చారు. ఎందుకని అడిగితే, ఆడే చోట లారీలు పెడుతున్నారని చెప్పారు. నిజమే, వెళ్లి చూశాం.

అందుకే ఈసారి మీ నుంచి డబ్బు కంటే ముందు చోటు అడుగుతున్నాం. మీలో జీడి పరిశ్రమ ఉన్నవారున్నారు. పిక్కలు ఆరబోయని నెలల్లో మీ కళ్లాలు ఖాళీగానే ఉంటాయి. అస్ర్ నుంచి మగ్రిబ్ దాకా గేటు తీసి ఉంచగలిగితే చాలు. టెక్కలిలో ఒకచోటు, పలాసలో ఒకచోటు, కవిటి వైపు ఒకచోటు దొరికితే ఈ నెలలోనే మొదలుపెడతాం. వల, బంతి, కాపలాకు మనిషి మావే. ఇవ్వగలిగినవారు భోజనాలకు లేచే ముందు కార్యదర్శి గారికి పేరు రాయించండి.