గురి తప్పిన గుండు ఎక్కడ పడింది?

పట్టాలు అందుకుంటున్న మీకూ, మిమ్మల్ని ఇంతదాకా చదివించిన అమ్మానాన్నలకూ అభినందనలు. ఇంత శుభవేళ యుద్ధం ఊసెందుకని అనుకోకండి. గణితం చదివినవాళ్లకు ఉద్యోగాలిచ్చేవాళ్లలో సైన్యాలూ ఉన్నాయి.

1922 సెప్టెంబరులో దామనపల్లి ఘాట్‌లో అల్లూరి సీతారామరాజు దళం మాటువేసింది. ముందు నడుస్తున్న భారతీయ సిపాయిలను పోనిచ్చి, కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులను ఏరి కాల్చింది. దారిన పోయేవాడు కనిపిస్తాడు, పొదలో ఉన్నవాడు కనిపించడు. ఈ తేడానే 1962లో సీమోర్ డైచ్‌మన్ అనే పరిశోధకుడు సమీకరణాల్లో పెట్టారు. యుద్ధనష్టాలను లెక్కగట్టే 1916 నాటి లాంచెస్టర్ వర్గ సూత్రంలో ఇరుపక్షాలూ ఒకరినొకరు చూసే కాల్చుకుంటారు. డైచ్‌మన్ నమూనాలో సైన్యానికి జరిగే నష్టం గెరిల్లాల సంఖ్యను బట్టి ఉంటుంది. గెరిల్లాల నష్టం మాత్రం ఇరుపక్షాల సంఖ్యల లబ్ధాన్ని బట్టి. అంటే గెరిల్లాలు తగ్గేకొద్దీ మిగిలినవాళ్లను కొట్టడం ఇంకా కష్టం.

ఇందులోకి మోసాన్ని తేవడం పెద్ద పనేమీ కాదు. 10 మంది మనుషుల మధ్య 40 బొమ్మలు నిలబెట్టండి. తేడా తెలియనివాడి గుండు మనిషికి తగిలే సంభావ్యత అయిదో వంతు. వియత్నాంలో అమెరికా సైన్యం మనిషి వాసనలోని అమోనియాను పసిగట్టే యంత్రాలను హెలికాప్టర్లకు బిగిస్తే, అవతలివాళ్లు చెట్లకు మూత్రం బకెట్లు వేలాడదీశారని చెబుతారు. నవ్వండి, ఫర్వాలేదు. యంత్రం మాత్రం అబద్ధం చెప్పలేదు. అమోనియా ఉందంది, ఉంది.

అసలు గెరిల్లాకు బొమ్మలూ బకెట్లూ అక్కర్లేదు, చుట్టూ ఊరుంది. నా పేచీ ఇక్కడే. బొమ్మల లెక్కలో మిగతా నాలుగు వంతుల గుళ్లు వృథా. ఊళ్లో అవి వృథా పోవు, ఎవరికో తగులుతాయి. 2009లో క్రెస్, షెక్ట్‌మన్ అనే పరిశోధకులు ఈ నష్టాన్ని ఒక పదంగా సమీకరణంలో చేర్చారు: సరైన సమాచారం లేకుండా కాల్చినప్పుడల్లా సామాన్యులు చస్తారు, ఆ కోపంతో కొత్తవాళ్లు గెరిల్లాల్లో చేరతారు. ప్రభుత్వానికి అన్నీ కలిసొచ్చాయనుకున్నా, బలప్రయోగంతో తిరుగుబాటు సున్నాకు రాదనీ, మహా అయితే ఒక మట్టం దగ్గర ఆపగలరనీ వాళ్ల లెక్క తేల్చింది.

రేపు మీ బల్ల మీదికొచ్చే నమూనాలో ఆ పదం ఉండకపోవచ్చు. అది లేకపోతే సమీకరణం త్వరగా తెగుతుంది, నివేదిక ఇంకా త్వరగా పాసవుతుంది. సంతకం పెట్టేముందు అదెక్కడుందని అడగండి. మీ పై అధికారికి నచ్చకపోవచ్చు.